పాఠం అప్పజెబుతున్నారు, చదవడం లేదు

ప్రశ్న: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) చేరి 7 నెలలైంది. మూడో తరగతి నాది, 23 మంది పిల్లలు. తెలుగు వాచకం తీసి పాఠం చదవమంటే గడగడా చదివేస్తారు. మొన్న వాళ్ళెప్పుడూ చూడని పేరా ఒకటి చార్టు మీద రాసి చదవమన్నాను. 11 మంది నోరు మెదపలేదు. వారిలో ఇద్దరు తండా నుంచి వస్తారు, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. అందరికీ వర్ణమాల వచ్చు, గుణింతాలు వచ్చు, దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. చదవడం మాత్రం రాదు. మళ్ళీ అ, ఆల నుంచి మొదలుపెట్టాలా? అలా చేస్తే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? తల్లిదండ్రులేమో ఇంగ్లీషు ఎప్పుడు నేర్పుతారని అడుగుతున్నారు. ఇంటిపని ఏమివ్వాలో కూడా తోచడం లేదు, చాలా ఇళ్ళలో చదువు వచ్చినవారే లేరు.
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: అమ్మా, మీరు ఇప్పటికే ఒక గొప్ప పని చేశారు. పిల్లలు చూడని పేరా రాసి వాళ్ళ ముందు పెట్టారు. ఆ ఒక్క పని జరగకపోవడం వల్లే ఎన్నో బడుల్లో పిల్లవాడు ఐదో తరగతికి వచ్చేదాకా అసలు సంగతి బయటపడదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పాఠం చదవమంటే అందరికంటే ముందు లేచేది, ఎక్కడా తడబడేది కాదు. ఒకరోజు పక్కన నిలబడి చూశాను. వేలు మూడో వరుసలో ఉంది, నోరు ఐదో వరుసకు వెళ్ళిపోయింది. వేలు ఉన్నచోట మాట ఏమిటని అడిగితే బిక్కమొహం వేసింది. అంత పొడవైన పాఠం విని విని కంఠతా పట్టిన పిల్ల అది. జ్ఞాపకశక్తికి లోటు లేదు, శ్రద్ధకు లోటు లేదు. అక్షరానికీ మాటకూ ముడి పడలేదు, అంతే. ఆ ముడి వేయాల్సిన నేను ఏడాదంతా ఆమె అప్పజెప్పిన పాఠం విని మెచ్చుకుంటూ కూర్చున్నాను. ఆ బాధ ఇప్పటికీ నాతోనే ఉంది. మీరు 7 నెలలకే కనిపెట్టారు.

మీ తరగతి విడ్డూరమైనదేమీ కాదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే లెక్క ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, కరోనా తర్వాత 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. మీ దగ్గర 23 మందిలో 12 మంది తెలియని పేరాను చదివారంటే నిరాశ పడాల్సిన పని లేదు. మిగతా 11 మంది సంగతే చూద్దాం.

అ, ఆల నుంచి మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగారు. వద్దు. 56 అక్షరాలూ వరుసగా చెప్పగలిగిన పిల్లవాడికి మళ్ళీ అదే వరుస చెప్పిస్తే, వాడు వచ్చినదాన్నే ఇంకోసారి చెబుతాడు. వర్ణమాల వరుస పాటలాంటిది. పాట వచ్చినవాడికి మధ్యలోంచి ఒక్క అక్షరం చూపించి ఇదేమిటంటే, చాలాసార్లు మొదటినుంచి పాడుకుంటూ అక్కడికి రావాల్సి వస్తుంది. గుణింతమూ అంతే. కాకి బొమ్మ లేకుండా ‘కాకి’ అని రాసి ఒక పిల్లవాడికి చూపించండి. ‘క దీర్ఘమిస్తే కా, క గుడిస్తే కి’ అంటాడు. ఏమైందిరా అంటే మీ మొహం వంక చూస్తాడు. మరీ ఒత్తిడి చేస్తే ‘కత్తి’ అంటాడు. వాడి తప్పు కాదది. రెండక్షరాల మాట కోసం వాడు తలలో మోస్తున్నది చూడండి: క, దీర్ఘం, కా, మళ్ళీ క, గుడి, కి. చివరికి వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. ఇక ‘కొడవలి’ అని రాస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

కాబట్టి ముందు చేయాల్సింది, 11 మందిలో ఎవరు ఎక్కడ ఆగారో కనుక్కోవడం. అందరి ముందు కాదు, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని. ఒక్కొక్కరికి 5 నిమిషాలు చాలు. మధ్యాహ్న భోజనం తర్వాత కాస్త తీరిక దొరికే సమయంలో రోజుకు ముగ్గురు చొప్పున చూస్తే 4 రోజుల్లో పూర్తవుతుంది. ఒక కాగితం మీద వరుస తప్పించి పది అక్షరాలు రాయండి. దాని కింద పలక, పడవ, గడప లాంటి మాటలు. వాటి కింద గుణింతాలున్నవి: తాత, గేదె, కోడి, కొడవలి. తర్వాత సున్న, ఒత్తులు ఉన్నవి: పండు, కుండ, అక్క, చెట్టు, బస్సు. చివర రెండు చిన్న వాక్యాలు. పిల్లవాడు ఎక్కడ ఆగితే అక్కడ గీత గీసి, పక్కన వాడన్న మాటను ఉన్నదున్నట్టు రాసుకోండి. తప్పు దిద్దకండి, ఆ 5 నిమిషాలు మీ పని వినడం మాత్రమే. ‘మేడ’ను ‘మెడ’ అన్నవాడికి దీర్ఘం దగ్గర చిక్కుంది. ‘చెట్టు’ను ‘చెటు’ అన్నవాడికి ఒత్తు దగ్గర. ‘వల’ను ‘పల’ అన్నవాడు ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నాడు. ముగ్గురూ ‘చదవడం రాని పిల్లలే’ అయినా ముగ్గురికీ కావాల్సింది ఒకటి కాదు. ఈ కాగితాలు చేతికి వచ్చాక 11 మందీ సాధారణంగా మూడు గుంపులుగా విడిపోతారు.

అక్షరాల దగ్గరే ఆగినవారికి మొత్తం వర్ణమాల అక్కర్లేదు. ప, ల, క, వ, డ, త, గ, మ, ర, న – ఈ పది చాలు మొదలుపెట్టడానికి. ఈ పదింటితోనే పలక, పడవ, వల, తల, కల, నగ, మర, గడప, కడవ, నడక, మడమ, తలగడ అన్నీ వస్తాయి. అన్నీ పిల్లలు రోజూ వాడే మాటలే. ఙ, ఞ వచ్చే మాట ఒక్కటి చెప్పమంటే పెద్దవాళ్ళం మనమే తడుముకుంటాం, వాటికోసం ఏడేళ్ళ పిల్లవాణ్ణి ఎందుకు నిలబెట్టాలి? రోజుకు రెండక్షరాలు, వాటితో ఏర్పడే మాటలు, అంతే. చదివించేటప్పుడు గుణింతం పేర్లు చెప్పించకండి. మాట కింద వేలు పెట్టి, ఆపకుండా జరుపుతూ, ‘పా…ప’ అని అక్షరాన్ని సాగదీసి రెండోదానితో కలపమనండి. ‘ప దీర్ఘమిస్తే’ అనే మాట నోట్లోంచి పోవాలి. రెండు వారాలు పట్టుదలగా చేస్తే పోతుంది.

గుణింతాల దగ్గర ఆగినవారికి నేనొక మార్పు చేసి మంచి ఫలితం చూశాను. మనం క, కా, కి, కీ అని ఒకే అక్షరాన్ని పట్టుకుని గుర్తులన్నీ దింపుతాం. దాన్ని తిరగేయండి. ఒకే గుర్తును పట్టుకుని అక్షరాలు మార్చండి. ఈ వారమంతా దీర్ఘమే: కా, గా, తా, పా, రా, వా. మాటలు తాత, పాప, వాన, పాక, తామర, పావడ. వచ్చే వారం గుడి: బడి, గది, తడి, నది. దీర్ఘం అన్నచోట నోరు ఎంతసేపు తెరిచి ఉంటుందో పిల్లవాడు తానే గమనిస్తాడు. మెడ–మేడ, కొన–కోన, పడు–పాడు అని జంటలు రాసి, మీరు ఒకటి పలికితే వాళ్ళు దాన్ని చూపించాలి. చప్పట్లు కొట్టించండి, పొట్టి అక్షరానికి ఒక చప్పట్టు, పొడుగు అక్షరానికి చేతులు చాపి సాగదీయాలి. మూడో తరగతి పిల్లలకు ఇది ఆట, అడిగి మరీ ఆడతారు.

మన లిపిలో కొన్ని చోట్ల నిజంగానే మెలికలున్నాయి. అవి పిల్లలకు చెప్పకపోతే వాళ్ళు తమకే తెలివి లేదనుకుంటారు. కొమ్ము మామూలుగా పక్కన వస్తుంది, ‘కు’, ‘తు’, ‘లు’ చూడండి. ‘పు’, ‘వు’ల దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగిపోతుంది. ‘వ’కు పక్కన కొమ్ము తగిలిస్తే అది ‘మ’లా కనిపిస్తుంది కదా, అందుకే కింద పెట్టారని బోర్డు మీద గీసి చూపించండి. ఎంత సంతోషిస్తారో! అలాగే ‘మొ’, ‘యొ’ల ఒత్వం ‘కొ’, ‘గొ’ల ఒత్వంలా ఉండదు. త, న, మ, య, ర, ల – వీటి ఒత్తులు అసలు అక్షరంలా ఉండనే ఉండవు. చప్పున గుర్తుపట్టలేని ఈ ఆరింటినీ విడిగా కార్డుల మీద రాసి రోజూ ఒక నిమిషం చూపిస్తే చాలు. గ, డ, ట, ప లాంటి వాటి ఒత్తులు అక్షరాన్ని చూసి పోల్చుకునేలాగే ఉంటాయి.

ఒత్తులను మాత్రం చివరికి వాయిదా వేయకండి. గుణింతాలన్నీ పూర్తయ్యాకే ఒత్తులు అనే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. పిల్లవాడికి అన్నిటికంటే దగ్గరి మాటలు ఏమిటి? అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అవ్వ, బువ్వ. ఒత్తు లేనిది ఒక్కటైనా ఉందా? ఈ మాటల్ని, పిల్లల పేర్లను విడదీయకుండా మొత్తంగా గుర్తుపట్టనివ్వండి. హాజరు పట్టికలోని 23 పేర్లనూ అట్టముక్కల మీద రాసి గుమ్మం దగ్గర పెట్టండి. ఉదయం రాగానే ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని గోడకు తగిలించాలి. రాని వాళ్ళ పేర్లు బల్లమీద మిగిలిపోతాయి, అవి చదివి ఎవరు రాలేదో మీకు చెప్పాలి. ‘లక్ష్మి’ లాంటి మాటను ఒకటో తరగతి పిల్ల కూడా అలా చదివేయడం నేను చూశాను, అది తన పేరు కాబట్టి.

ఇక నేను ఎక్కువగా నమ్మినది చెబుతాను. పదాలు, కార్డులు ఎన్ని చేసినా, చదివినదానిలో అర్థం తగలకపోతే పిల్లవాడికి చదువు రుచించదు. మా బడిలో మూడో తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. ఒక్క మాటా చదివేవాడు కాదు, బడికి రావడం కూడా అంతంతమాత్రం. ఒకరోజు ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎందుకు ఆలస్యమైందిరా అంటే, ‘మా మేక ఈనింది సార్, రెండు పిల్లలు, ఒకటి నల్లది’ అన్నాడు. వాడన్నది వాడన్నట్టే బోర్డు మీద రాశాను. ‘మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది.’ వేలు పెట్టి నేనొకసారి చదివాను, వాడూ చదివాడు. మధ్యాహ్నం భోజనం తిని వచ్చాక చూస్తే వాడు బోర్డు ముందు నిలబడి ఇంకో ఇద్దరికి చదివి చూపిస్తున్నాడు. ‘నల్లది’ అన్న మాట దగ్గర వేలు ఆపి, ‘ఇదే నల్లది’ అంటున్నాడు. మర్నాడు నోటు పుస్తకంలో నేను రాసిచ్చిన ఆ మూడు వాక్యాల కింద తనంతట తానే ‘రెండోది’ అని రాసుకుని, తర్వాతి మాట ఎలా రాయాలో అడగడానికి నా దగ్గరికి వచ్చాడు. ‘తెల్లది’ అని రాసిచ్చాను.

అందుకని రోజూ ఒక పిల్లవాడి మాటను బోర్డెక్కించండి. రెండు మూడు వాక్యాలకు మించవద్దు. వాడి నోటి మాట వాచకం భాషలో ఉండదు, ఉండనక్కర్లేదు. ఇంటి మాట ఇంటి మాటగానే రాయండి, తర్వాత ‘పుస్తకంలో దీన్ని ఇలా రాస్తారు’ అని పక్కన చూపించవచ్చు. వారం తిరిగేసరికి మీ తరగతికి సొంత వాచకం తయారవుతుంది. వాటిని చార్టుల మీద ఎక్కించి పిల్లల కంటి ఎత్తులో తగిలించండి, పైన తగిలిస్తే అలంకారంగా మిగిలిపోతాయి.

తండా పిల్లలిద్దరి విషయంలో ఇది మరీ అవసరం. వాళ్ళకు రెండు పనులు ఒకేసారి మీదపడుతున్నాయి, తెలుగు నేర్చుకోవడం, ఆ తెలుగును చదవడం. ‘అమ్మ’ అని చదవగలిగినా వాళ్ళ మనసులో మెదిలేది ‘యాడి’. చదివిన మాటను మీ ఇంట్లో ఏమంటారో చెప్పమని అడిగి, దాన్నీ తెలుగు అక్షరాల్లోనే పక్కన రాయండి. తమ మాట కూడా బోర్డెక్కిందని చూస్తే ఆ పిల్లల కళ్ళలో వచ్చే వెలుగు వేరు. మిగతా పిల్లలు కూడా ఆ మాటలు నేర్చుకుంటారు. ఆ ఇద్దరూ మౌనంగా ఉన్నది చదవడం రాక మాత్రమే అనుకోకండి, మాట అర్థం కాక కూడా కావచ్చు. కొన్నాళ్ళు బొమ్మలు చూపిస్తూ, వస్తువులు చేతికిస్తూ తెలుగు బాగా మాట్లాడించండి.

రోజూ 10 నిమిషాలు మీరు కథ చదివి వినిపించాలి. చెప్పడం కాదు, పుస్తకం పట్టుకుని, బొమ్మలు అందరికీ కనిపించేలా తిప్పి, చదవాలి. పుస్తకంలోంచి కథ వస్తుందని పిల్లలు కళ్ళారా చూడాలి. చాలామంది ఇళ్ళలో పుస్తకం పట్టుకున్న మనిషిని వాళ్ళు చూసి ఉండరు. మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందో అడగండి, తప్పు జవాబంటూ ఉండదు. సికిందరాబాదులోని మంచి పుస్తకం సంస్థ ప్రచురించే చిన్న కథల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు చదువు స్థాయిని బట్టి విడదీసి ఉచితంగా ఇచ్చారు, ఫోనులోంచి దించుకుని ముద్రించుకోవచ్చు. మీ బడిలో గ్రంథాలయం పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే వాటిని బయటికి తీయించండి. చిరిగిపోతాయన్న భయం వద్దు. చిరిగిన పుస్తకాన్ని ఎవరో చదివారనే అర్థం.

దస్తూరీ ముత్యాల్లా ఉందన్నారు. చూచిరాతలో పిల్లలు అక్షరాన్ని బొమ్మలా గీస్తారు, చదవకుండానే పేజీ నింపగలరు. కొంతకాలం దాన్ని తగ్గించి ఉక్తలేఖనం పెట్టండి, నేర్చుకున్న అక్షరాలతోనే రోజుకు 5 మాటలు. ‘బ’కు ‘భ’, ‘ల’కు ‘ళ’, ‘స’కు ‘శ’ రాస్తే ఇప్పుడే పట్టుకోకండి. అవి తర్వాత సర్దుకుంటాయి. ఎర్ర సిరా చూసి భయపడినవాడు రాయడమే మానేస్తాడు.

ఇంకొకటి. 11 మందిలో ఎవరైనా బోర్డును కళ్ళు చిట్లించి చూస్తున్నారా, పుస్తకాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటున్నారా, పిలిస్తే రెండోసారికి గానీ పలకరా, గమనించండి. బాల స్వాస్థ్య కార్యక్రమం ఆరోగ్య బృందం బడికి వచ్చినప్పుడు వాళ్ళను ముందుగా చూపించండి. అద్దాలు పెట్టగానే చదువు అందుకున్న పిల్లలు నాకు తెలుసు. కళ్ళు, చెవులు బాగుండి, మూడు నాలుగు నెలలు విడిగా నేర్పినా ఒకరిద్దరికి అక్షరాలు నిలవకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులకు చూపించండి. ఈలోగా ‘మొద్దు’ అన్న మాట మీ తరగతిలో ఎవరి నోటా వినిపించకూడదు.

సిలబస్ గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. అయితే ప్రభుత్వాలు చెబుతున్నదీ ఇదే. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ ఉద్దేశం మూడో తరగతి దాటేలోగా పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలన్నదే. తెలంగాణలో 2022లో 1 నుంచి 5 తరగతులకు తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టిందీ అందుకే. తనిఖీకి వచ్చిన అధికారికి మీ 11 కాగితాలు చూపించండి. మొదట్లో వీడు ఇక్కడ ఆగాడు, ఇప్పుడు ఇక్కడికి వచ్చాడు అని గీతలు చూపిస్తే దానికి మించిన రికార్డు ఉండదు. రోజుకు 45 నిమిషాలు ఈ పనికి తీసి పెట్టండి. ఆ సమయంలో చదవగలిగిన 12 మందికి కథల పుస్తకాలివ్వండి, వారిలో నలుగురైదుగురిని చిన్న గుంపులకు తోడుగా కూర్చోబెట్టండి. పక్కవాడికి చెప్పేటప్పుడు పిల్లలు చూపే ఓర్పు మనకు కూడా ఉండదు. నిపుణ్ భారత్‌లో మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అన్న లక్ష్యం ఉంది. ఈ 11 మంది ముందు మాత్రం గడియారం పెట్టకండి. తెలుగులో ‘తెచ్చుకున్నప్పుడు’ కూడా ఒక పదమే, ‘మా’ కూడా ఒక పదమే. వేగం అర్థం వెనకే వస్తుంది.

ఇంగ్లీషు అడిగే తల్లిదండ్రులకు ఒక మాట చెప్పండి. గుర్తును చూసి శబ్దం పలకడం, శబ్దాలను కలిపి మాట చేయడం, ఆ మాటలో అర్థం వెతకడం – ఈ పని పిల్లవాడు తనకు తెలిసిన భాషలో ఒకసారి నేర్చుకుంటే రెండో భాషకు అదే అక్కరకు వస్తుంది. ‘కాకి’ అని చదవలేని పిల్లవాడికి ఇంగ్లీషు కాకి ఇంకా దూరం. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలే మీ చేతిలో ఉంటే, తెలుగు పేజీ చదివి అర్థమైన రోజున ఎదుటి పేజీలోకి వెళ్ళండి. తల్లిదండ్రులను ఒకరోజు పిలిచి, వాళ్ళ పిల్లల చేత తెలియని నాలుగు వాక్యాలు చదివించి చూపిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

చివరగా ఇంటిపని. పేజీల కొద్దీ రాతపని ఇవ్వకండి. ఆరోజు బోర్డెక్కిన మూడు వాక్యాలను చిన్న కాగితం మీద రాసి పిల్లవాడి చేతికి ఇవ్వండి. సాయంత్రం అమ్మకో నాయనమ్మకో వేలు పెట్టి చదివి వినిపించాలి. వినేవాళ్ళకు చదువు రాకపోయినా ఫరవాలేదు. పొయ్యి దగ్గర కూర్చుని విన్నా చాలు, పిల్లవాడి నోట మా మేక సంగతి వస్తుంటే అది నిజమో కాదో వాళ్ళకు తెలుస్తుంది కదా. సంతకం చేయమని అడగకండి. విన్నందుకు గుర్తుగా ఆ కాగితం మీద ఒక కుంకుమ బొట్టో, పసుపు చుక్కో, వేలితో కాటుక మరకో, ఏది చేతికి అందితే అది పెట్టి పంపమనండి. పొద్దున్నే బడికి వచ్చిన కాగితాల్లో ఎన్నింటి మీద చుక్కలున్నాయో లెక్కపెట్టి, చుక్క లేని కాగితం తెచ్చిన పిల్లవాణ్ణి ఆరోజు మీ పక్కన కూర్చోబెట్టుకుని మీరే వినండి.